జాలీకి జమానత్ ఎవరు?

మొన్న టెక్కలి నుంచి మా ఆపా ఫోన్ చేసింది. "ఛోటే, ఇంటి చుట్టూ జాలీ వేయిద్దామనుకుంటున్నాం. ఒక దుకాణంవాడు పదేళ్లు గ్యారంటీ అంటున్నాడు, ఇంకొకడు పదిహేనేళ్లు అంటున్నాడు. ఎవరి మాట నమ్మమంటావు?"

ఆపాకి జవాబ్ వెంటనే చెప్పలేదు. రేపు చేస్తానని ఫోన్ పెట్టేశాను. ఎందుకంటే 'పదేళ్లు గ్యారంటీ' అన్న మాట ఎవరి నోట విన్నా ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. ఒకప్పుడు ఆ మాట చాలా ధీమాగా చెప్పినవాణ్ణి నేనే.

దోస్తులారా, ఈ సవాల్ మీలో కూడా కొందరు అడిగారు. ఇంటికైనా, జీడి బట్టీకైనా, కొబ్బరి తోటకైనా మజ్బూత్ జాలీ ఏది, ఎలా ఎంచుకోవాలి అని. హిసాబ్ చెప్తాను. కానీ ముందు నా శరమ్ సంగతి చెప్పకపోతే ఆ హిసాబ్‌కి ఇమాన్‌దారీ ఉండదు.

మా అబ్బాకి కాశీబుగ్గలో చిన్న దుకాణం ఉండేది. ముందు గదిలో ఇనుప సామాను, వెనక రేకుల షెడ్డులో జాలీ అల్లే మిషను. తీగ చుట్ట ఒక వైపు నుంచి లోపలికి పోయి, వంకర్లు తిరుగుతూ రెండో వైపు బయటికొచ్చేది. ఒక తీగని ఇంకో తీగలోకి తిప్పి తిప్పి దూర్చడమే చైన్ లింక్. వెల్డింగ్ లేదు, ముడి లేదు. ఒక తీగ ఇంకో తీగని పట్టుకుని ఉంటుంది, అంతే. అందుకే ఎత్తు పల్లాలున్న నేల మీద కూడా అది సర్దుకుంటుంది. ఒక చోట తెగితే ఆ ఒక్క తీగని విప్పి, కొత్తది దూర్చుకోవచ్చు.

2009లో నాకు ఇరవై దాటింది. డిగ్రీ అయిపోయి గల్లా దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. అబ్బా ఏదో పని మీద బరంపురం వెళ్లిన రోజు ఒక పిన్ని వచ్చింది. వజ్రపుకొత్తూరు వైపు ఊరు. సముద్రానికి కిలోమీటరు దూరంలో కొబ్బరి తోట, మధ్యలో నాలుగు పనస చెట్లు, ఒక చివర జీడి మామిడి. తాటి మట్టల దడి ఏటేటా కట్టించుకోలేకపోతున్నానంది. కట్టే మనిషికి ఒంట్లో బాగాలేదు. ఉద్దానంలో 'ఒంట్లో బాగాలేదు' అంటే ఏమిటో వివరం అడగక్కర్లేదు. కిడ్నీలు. ఆ రోజుల్లో ఆయన్ని తీసుకుని విశాఖ పోయి వచ్చేవాళ్లు. అంటే ఆ కొంగున కట్టుకొచ్చిన డబ్బు ఎక్కడికి పోవలసినది జాలీకి వచ్చిందో నాకు తెలుసు.

ఆమె రెండు రకాల చుట్టలూ చేత్తో తడిమి చూసింది. ఒకటి లావు తీగ, ఒకటి సన్న తీగ. రెండూ వెండిలా మెరుస్తున్నాయి. లావుదాని ఖరీదు వినగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది ఎన్నాళ్లుంటాదేటి బాబూ?" అని సన్నదాన్ని చూపించి అడిగింది.

"పదేళ్లు గ్యారంటీ పిన్నీ" అన్నాను.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నాకు తెలియదు, తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. బేరం పోతుందేమో అనుకున్నాను. తీగ మెరుస్తోంది కాబట్టి ఉంటుందిలే అనుకున్నాను. దుకాణ్‌లో కూర్చున్నవాడికి ఈ 'ఉంటుందిలే' కంటే పెద్ద నుక్సాన్ లేదు.

2012లో ఆమె మళ్లీ వచ్చింది. గొడవ చెయ్యలేదు. సంచిలోంచి మూరెడు జాలీ ముక్క తీసి బల్ల మీద పెట్టింది. ఎర్రగా, పొలుసులు పొలుసులుగా ఉంది. వేలితో నొక్కితే ఒక చోట పుటుక్కున విరిగింది. మా ఇంట్లో తుప్పుని జంగ్ అంటారు, యుద్ధాన్నీ జంగ్ అనే అంటారు. ఆ రోజు బల్ల మీద రెండూ ఉన్నాయి.

"పదేళ్లన్నావు కాదేటి బాబూ. నాకు నెక్కలు రావు గానీ మూడుకీ పదికీ తేడా తెలీదేటి?"

అబ్బా గల్లా వెనకే ఉన్నాడు. నా వైపు చూడలేదు. సొరుగులోంచి వెర్నియర్ తీసి, ముక్కని గీకి, తుప్పు లేని చోట కొలిచాడు. రెండు మిల్లీమీటర్లు. అంటే పద్నాలుగో గేజ్. "తీగ నేను అల్లిందే అమ్మా. మాట మాత్రం వీడు అల్లాడు. రెండిటికీ జిమ్మేదారీ నాదే" అన్నాడు. తోట చుట్టుకొలత మళ్లీ రాసుకున్నాడు. కొత్త జాలీ పంపించాడు, పైసా తీసుకోలేదు. నా బండి కోసం దాచిన డబ్బు ఆ నెల కనిపించలేదు. ఎటు పోయిందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ సాయంత్రం షెడ్డులో నన్ను కూర్చోబెట్టి ఒకే నసీహత్ చేశాడు. "బేటా, ఖరీదార్ 'ఎన్నాళ్లుంటుంది' అని అడిగితే నువ్వు ఎదురు అడగాల్సింది రెండు. ఎక్కడ వేస్తారు? దాని మీదికి ఏం వస్తుంది? ఆ రెండూ తెలియకుండా జమానత్ ఇచ్చేవాడు దుకాణ్‌దార్ కాదు."

తర్వాత నేను చదివీ, తడిమీ, తప్పులు చేసీ నేర్చుకున్నదంతా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది. ఇప్పుడు హిసాబ్‌కి వస్తాను.

మొదటిది తీగ మందం. గేజ్ నంబర్ పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది, ఇది తెలియక మోసపోయేవాళ్లు చాలామంది. ఎనిమిదో గేజ్ అంటే నాలుగు మిల్లీమీటర్ల పైన కొంచెం. పదో గేజ్ 3.25 మిల్లీమీటర్లు. పన్నెండు 2.64. పద్నాలుగు రెండు మాత్రమే. పదికీ పన్నెండుకీ మధ్య కంటికి పెద్ద తేడా కనిపించదు, కానీ ఇనుము ఒకటిన్నర రెట్లు తేడా. రెండంగుళాల కన్నుతో అయిదడుగుల ఎత్తు, యాభై అడుగుల పొడవు జాలీ తీసుకున్నారనుకోండి. పదో గేజ్ అయితే సుమారు 60 కిలోలు తూగాలి, పన్నెండైతే 40 దగ్గర. కాబట్టి దుకాణంవాడి జబాన్ కంటే వాడి తరాజూని అడగండి. కన్ను వెడల్పు కూడా టేపు పెట్టి చూసుకోండి. రెండంగుళాల బదులు మూడంగుళాల కన్ను అల్లితే పదో గేజ్ కూడా 40 కిలోలకి దిగిపోతుంది. అడుగు లెక్కన చవకగా ఇస్తున్నారంటే ఈ రెండిటిలో ఎక్కడో ఒక చోట ఇనుము తగ్గినట్టే.

రెండోది పైన పూత. మెరిసే ఆ తెల్లదనం జింక్. తీగ మీద రంగులా ఊరికే కూర్చోదది. ఇనుము కంటే ముందు తాను తినబడి ఇనుమును కాపాడుతుంది. ఇంట్లో అందరికంటే ముందు ఆకలి ఓర్చుకునే అమ్మీ లాంటిది. ఆమె ఉన్నన్నాళ్లే మిగిలినవాళ్లు క్షేమం. అయితే ఎంత జింక్ ఉందన్నది కంటికి తెలియదు. సన్న పూతా వెండిలాగే మెరుస్తుంది, మందపు పూతా వెండిలాగే మెరుస్తుంది. నేను మోసపోయింది, ఆ పిన్నిని మోసం చేసింది ఇక్కడే. అడగాల్సింది 'తీగ ఉపరితలం చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు' అని. మామూలుగా దొరికే రకంలో 50, 60 గ్రాములు ఉంటుంది. హెవీ రకంలో 200 దాటుతుంది. ఫ్యాక్టరీ తీగైతే టెస్ట్ సర్టిఫికెట్ ఉంటుంది, అడిగితే చూపించాలి. గాల్వనైజ్డ్ చైన్ లింక్‌కి మన దేశంలో ఐఎస్ 2721 అనే ప్రమాణం కూడా ఉంది.

ఇప్పుడు అసల్ బాత్. ఏడు గ్రాముల జింక్ అంటే సుమారు ఒక మైక్రాన్ మందం. 50 గ్రాములంటే ఏడు మైక్రాన్లు. అంతర్జాతీయ ప్రమాణాల పట్టికల ప్రకారం మామూలు ఊళ్లలో జింక్ ఏడాదికి రెండు మైక్రాన్లలోపే తరుగుతుంది. ఉప్పు గాలి తగిలే తీరంలో రెండు నుంచి నాలుగు. అల తుంపర నేరుగా పడే చోట నాలుగు నుంచి ఎనిమిది దాకా. ఆ పిన్ని తోట తీరం లెక్కలోకి వస్తుంది. ఏడు మైక్రాన్లు, ఏడాదికి రెండు నుంచి నాలుగు. రెండు మూడేళ్లు. కచ్చితంగా ఆమె సంచిలో తెచ్చిన ముక్క చెప్పిన లెక్కే. నేను పదేళ్లన్న రోజున ఈ భాగహారం ఎనిమిదో తరగతి పిల్లాడికి కూడా వస్తుంది. నేను చెయ్యలేదు, అంతే.

అందుకని ఒకే జాలీ అందరికీ మంచిది అని ఉండదు. మా ఆపా ఇల్లు టెక్కలిలో, సముద్రానికి దూరంగా. మా మామూ జీడి పిక్కల కళ్లం పలాసలో. ఆ పిన్ని తోట సమందర్ ఒడ్డున. మూడు చోట్లకీ మూడు జవాబులు.

సమందర్ ఒడ్డున అయితే పదో గేజ్, హెవీ జింక్. డబ్బుంటే దాని మీద పీవీసీ తొడుగు కూడా మంచిదే. కానీ ఒక మాట. లోపల జింక్ లేని ఉత్త ఇనుప తీగకి పచ్చ పీవీసీ తొడిగి అమ్మేవాళ్లున్నారు. కోసిన చివర చూడండి. తొడుగు కింద తీగ నల్లగా ఉంటే వద్దు. ఎండకి తొడుగు పగిలాక ఉప్పు నీరు లోపలికి దిగుతుంది, పైకి పచ్చగా ఉంటూనే లోపల జంగ్ పడుతుంది. కంచెని సముద్రం వైపు హద్దు మీదే నిలబెట్టకుండా, అవకాశం ఉంటే మొగలి పొదల వెనక్కి జరపండి. మన పెద్దవాళ్లు ఇసుక గట్ల మీద మొగలి ఊరికే పెంచలేదు. ఉప్పు తుంపర ముందు దాని ఆకుల మీద పడుతుంది. కట్టే తీగ గురించి ఎవరూ పట్టించుకోరు. అంత ఖరీదు పెట్టి జాలీ కొని, నల్ల బైండింగ్ తీగతో కడతారు. అదే ముందు తెగుతుంది. కట్టే తీగకీ జింక్ ఉండాలి.

ఇక స్తంభాలు. జాలీ ఎంత గట్టిదైనా బరువంతా మూలల మీద పడుతుంది. లాగి బిగించేది మూల స్తంభాలనే కదా. వాటికి రెండు వైపులా ఏటవాలు దన్ను లేకపోతే ఆరు నెలల్లో లోపలికి వంగుతాయి. మధ్య స్తంభాలు ఎనిమిది, పది అడుగులకి ఒకటి. నేల గట్టిదైతే రెండడుగుల లోతు, ఉద్దానం ఇసుక నేలల్లో రెండున్నర, అదీ కాంక్రీట్ పోసి. సిమెంట్ స్తంభాల్లో చువ్వ పైకి తేలి ఉంటే ఉప్పు గాలికి అది ఉబ్బి స్తంభాన్నే చీలుస్తుంది. అందుకే తీరానికి నా మష్వరా రాతి స్తంభం. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలున్నాయి, టెక్కలి బ్లూ దేశాలు దాటి పోతుంది. మన చేతికందే రాయి మనకి ఉంది. రాయికి జంగ్ పట్టదు.

2012లో అబ్బా ఆ పిన్ని తోటకి పంపింది ఈ రకమే. పదో గేజ్, హెవీ పూత, మూలలకి రాయి.

తర్వాత తిత్లీ వచ్చింది. 2018 అక్టోబర్ 11, తెల్లవారుజామున. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. తీరం దాటింది మా వజ్రపుకొత్తూరు మండలంలోనే, పల్లిసారథి దగ్గర. ఆ తెల్లవారిన ఉద్దానాన్ని చూసినవాళ్లకి వర్ణన అక్కర్లేదు, చూడనివాళ్లకి నేను చెప్పలేను. తాతలు నాటిన కొబ్బరి చెట్లు ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి. జీడి తోటలు వేళ్లతో సహా లేచాయి.

మా మామూ కళ్లం చుట్టూ జాలీ మంచిదే, నేను వేయించిందే. అయినా స్తంభాలతో సహా పడిపోయింది. కారణం వెతికితే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎండబెట్టిన పిక్కల మీద దుమ్ము పడకుండా మామూ జాలీ పొడవునా పచ్చ నెట్ కట్టించాడు. జాలీకి ఉన్న ఒకే గొప్ప గుణం గాలిని పోనివ్వడం. దీవార్ గాలికి ఎదురు నిలబడుతుంది, అందుకే ఆ రోజు ఎన్నో ప్రహరీలు పడ్డాయి. మామూ తన జాలీని గుడ్డ కట్టి దీవార్ చేశాడు. దుకాణాలవాళ్లూ, ఫ్యాక్టరీలవాళ్లూ బోర్డులూ బ్యానర్లూ కంచెకి కట్టేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. తూఫాన్ కబురు రాగానే మొదట విప్పాల్సింది అవే.

దారులు తెరుచుకున్న నాలుగో రోజుకి పిన్ని తోటకి వెళ్లగలిగాను. చెట్లు చాలా పోయాయి. పడిన కొబ్బరి మాను ఒకటి కంచె మీదే ఉంది. దాని కింద జాలీ నేలకి వంగి ఉంది, కానీ తెగలేదు. మూల రాళ్లు అలాగే ఉన్నాయి. మాను కోసి తీశాక ఆమె కొడుకూ నేనూ కలిసి దాన్ని లాగి మళ్లీ బిగించాం. రెండు చోట్ల మాత్రమే తీగలు మార్చాల్సి వచ్చింది. నేను పని చేస్తున్నంతసేపూ ఆమె చూస్తూ కూర్చుంది. ఆమె పెనిమిటి అప్పటికే లేడు. "చెట్లు నేని తోటకి కంచె మిగిలినాది బాబూ" అంది. అది మెచ్చుకోలో, బాధో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాతి ఏడు కొత్త మొక్కలు నాటారు. పశువులు మేయకుండా ఆ కంచే వాటిని కాసింది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే మళ్లీ 'గ్యారంటీ' అన్నవాణ్ణే అవుతాను. ఉద్దానంలో చాలామంది ఎలుగుబంట్ల కోసం జాలీ అడుగుతున్నారు. వాళ్ల భయం నిజం. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒక రైతు ప్రాణం పోయింది. కానీ చైన్ లింక్ ఎలుగుని ఆపదు. అది చెట్టెక్కే జంతువు, నేల తవ్వే జంతువు. జాలీ దానికి నిచ్చెన. పశువుల్నీ, మేకల్నీ, దారిన పోయే చేతుల్నీ ఆపుతుంది జాలీ, అంతవరకే. పనస, జీడి పళ్లు నేల మీద కుళ్లబెట్టకుండా తీసేయడం, చీకట్లో ఒంటరిగా తోటకి పోకుండా ఉండడం దానికంటే నయం. కంచెకి కరెంటు తీగ తగిలించే ఆలోచన మాత్రం దయచేసి వద్దు. అది నేరం. జంతువు కంటే ముందు తెల్లవారి తోటకొచ్చే మన మనిషే పోతాడు. అమ్మకం పోయినా సరే, ఎలుగు కోసం అని వచ్చినవాళ్లకి ఈ మాట చెప్పే పంపిస్తున్నాను.

అబ్బా ఇంతెకాల్ అయి నాలుగేళ్లయింది. వెర్నియర్ ఇప్పుడు నా సొరుగులో ఉంది. ఆపాకి మాటిచ్చినట్టే మర్నాడు అది జేబులో పెట్టుకుని టెక్కలి వెళ్లాను. ఆమె ఇంటికి పన్నెండో గేజ్ చాలు, రెండంగుళాల కన్ను, మందపు జింక్. పిల్లలు ఆడుకునే ఇల్లు కాబట్టి పై అంచు ముళ్లలా మెలితిప్పింది కాకుండా లోపలికి మడిచింది. పదిహేనేళ్లు గ్యారంటీ అన్న దుకాణంలో పన్నెండు అని చెప్పిన తీగని కొలిస్తే 2.3 వచ్చింది, అంటే పదమూడు. కుర్రాడు గల్లా దగ్గర నిలబడి ఉన్నాడు. ఇరవై దాటి ఉంటాయి. నాకు కోపం రాలేదు. కొలత చూపించి, "తీగ ఎక్కడ వేస్తారని ముందు అడుగు బాబూ, తర్వాత ఏళ్లు చెప్పు" అన్నాను. రెండో దుకాణంలో తూకం సరిపోయింది. అక్కడే తీసుకున్నాం.

కంచె బిగించిన సాయంత్రం ఆపా టీ ఇచ్చి మళ్లీ అదే అడిగింది. "ఇంతకీ ఎన్నాళ్లుంటుంది ఛోటే?"

"తెలియదు ఆపా. ఈ ఊరి గాలికి చాలా ఏళ్లే ఉండాలి. ఏటా అక్టోబర్ తూఫాన్ల ముందు వచ్చి ఒకసారి చూస్తాను. ఎక్కడైనా ఎర్ర మచ్చ కనిపిస్తే గీకి జింక్ పెయింట్ వేద్దాం. వదులైతే బిగిద్దాం" అన్నాను.

"అంటే గ్యారంటీ లేదన్నమాట."

"నేను వస్తానని గ్యారంటీ."

పిన్ని తోటకి ఇప్పటికీ వెళ్తుంటాను. సముద్రం వైపు తీగ ఎర్రబడింది, ఆ వైపు మార్చాలి. లోపలి వైపు ఇంకా తెల్లగానే ఉంది. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు కంచె దాటి పైకొచ్చాయి. పోయినసారి వెళ్తే బొండం కొట్టి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు. "ఈ వైపు ఎప్పుడు మార్చీస్తావు బాబూ?" అని మాత్రం అడిగింది. చుట్టుకొలత రాసుకుని వచ్చాను.